ముందుబండి ఎడమకాలు

వంతెన మీద ట్రాఫిక్కు ఆగిపోయి, కార్లవాళ్ళంతా స్టీరింగు మీద దరువేసుకుంటూ కూర్చున్న వేళ, రెండు వరసల నడుమ సందులోంచి నాలుగు మోటారుసైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి దారంలా జారిపోతుంటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. మేమంతా పనిలేక కూర్చున్నామా, వీళ్ళొక్కళ్ళకేనా తొందర అనిపిస్తుంది. కొందరు పుణ్యాత్ములు కావాలనే చక్రం ఇంత పక్కకి తిప్పి సందు మూసేస్తారు. ఇంకొందరు అద్దం దించి, వెళ్ళేవాడి పుట్టుపూర్వోత్తరాలు విచారిస్తారు. ఆ నాలుగు బండ్లలో ముందు బండి నడిపే మనిషి మాత్రం ఎవరేమన్నా తల తిప్పడు. అతను తల తిప్పితే వెనక ముగ్గురికీ కళ్ళు పోయినట్టే.

ఆయనకి నలభై ఎనిమిదేళ్ళు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. భార్య "ఏమండీ" అంటుంది, బావమరిది "బావా" అంటాడు, తక్కిన ఇద్దరూ "ముందన్నా" అంటారు. పనిచేసే చోట ఇన్‌ఛార్జి మేడం కూడా "ముందుబండి వచ్చిందా?" అనే అడుగుతుంది. రక్తపరీక్షలు చేసే పెద్ద ల్యాబు అది. ఊరి నాలుగు మూలలా ఉన్న చిన్న క్లినిక్కుల్లో పొద్దున్నే తీసిన రక్తం సీసాలని ఐసు పెట్టెల్లో సర్దుకుని, రెండు గంటల్లోగా ల్యాబుకి చేర్చాలి. దాటితే రక్తం చెడిపోతుంది. అప్పుడు ఏ పసిపిల్లకో, ఏ మంచంపట్టిన ముసలాయనకో మళ్ళీ సూది గుచ్చాలి. అందుకే వాళ్ళకి తొందర.

నలుగురూ నాలుగు దిక్కుల నుంచి వచ్చి తొమ్మిదింటికి వంతెన మొదట్లో కలుసుకుంటారు. అక్కడినుంచి ల్యాబు దాకా ఒకే వరస. ట్రాఫిక్కు పుస్తకంలో సందులో దూరడానికి కూడా ఒక రూలుంది. వాహనాలు ఆగి ఉన్నప్పుడే దూరాలి, మనిషి పరుగు కన్నా వేగం ఉండకూడదు, ఒకరి వెనక ఒకరే గాని పక్కపక్కన రాకూడదు. ముందుబండాయనకి ఆ పేజీ కంఠతా వచ్చు. ఇరవై నాలుగేళ్ళుగా రోడ్డు మీదే బతుకు. ముందు రొట్టెల ఫ్యాక్టరీకి తిరిగాడు, ఆ తరవాత వార్తాపత్రికల కట్టలు మోశాడు, పదకొండేళ్ళ నుంచి ఈ రక్తం పెట్టెలు. ఇన్నేళ్ళలో ఒక్కసారీ పడలేదు. జరిమానా మాత్రం ఒకసారి పడింది, సిగ్నలు దగ్గర గీతకి జానెడు ముందుకి ఆపాడని. ఆ గీత చెరిగిపోయి ఉందని ఇప్పటికీ వాదిస్తాడు. ఎవరూ అడక్కపోయినా వాదిస్తాడు.

చాదస్తం కూడా తక్కువేం కాదు. ల్యాబువాళ్ళు కొత్త ఐసు పెట్టెలు తెప్పిస్తే టేపు పెట్టి కొలిచి, హ్యాండిలు కన్నా రెండు వేళ్ళు వెడల్పున్నాయని మొత్తం తిప్పి పంపించాడు. "హ్యాండిలు పట్టిన సందులో పెట్టె పట్టకపోతే, బండి అటు, మనం ఇటు, పెట్టె ఎవరింటికో పోతాయి మేడం" అన్నాడు.

పుస్తకంలో లేని రూలొకటి ఆయనే పెట్టాడు. సందులో వెళ్ళేటప్పుడు రెండు చేతులకీ పని ఉంటుంది, ఒకటి క్లచ్చు మీద, ఒకటి బ్రేకు మీద. కాబట్టి వెనకవాళ్ళకి ఏం చెప్పాలన్నా కాలితోనే. ముందువాడు ఎడమకాలు చాచాడంటే ఎడమవైపు ఎవరో తలుపు తీస్తున్నారని. కుడికాలు చాస్తే కుడివైపు ఏదో కదులుతోందని. రెండూ చాస్తే ఉన్నచోటే ఆగమని. రెండోవాడు దాన్ని చూసి తానూ కాలు చాచి మూడోవాడికి అందిస్తాడు, మూడోవాడు నాలుగోవాడికి. కొత్తగా చేరినవాళ్ళకి ఆయన ఒకటే నేర్పుతాడు.

"నీ కళ్ళు ఉన్నాయని మర్చిపో. ముందువాడి కాలు చూడు. కాలు లేచిందా, నమ్ము. ఏమైందో చూద్దామని తొంగి చూశావా, పోయావు."

వాళ్ళు అలాగే నమ్మేవారు. పదకొండేళ్ళు ఆ కాలు ఒక్కసారీ తప్పు చెప్పలేదు.

ఎడమకాలితోనే వచ్చింది చిక్కు. గేరు మార్చేది ఎడమకాలే కదా. వంతెన ఒక్కటి దాటడానికే పైకీ కిందికీ అరవైసార్లు మార్చాలి. ఏడాదినుంచి ఆ కాలి పిక్క ఉన్నట్టుండి పట్టేసేది. కండ రాయిలా గడ్డకట్టి, ఎవరో లోపల మెలితిప్పుతున్నట్టు ప్రాణం కళ్ళలోకి వచ్చేది. కాలు తిన్నగా చాచి, వేళ్ళు పైకి లాగి పడితే తప్ప వదిలేది కాదు. సిగ్నలు దగ్గర వచ్చినప్పుడు మడమ నేలకి తన్ని పట్టి పళ్ళు కొరుక్కునేవాడు. హెల్మెట్టు లోపల మొహం ఎవరు చూడొచ్చారు? ఇంట్లో రోజూ పొద్దున్న భార్య ఆ పిక్కకి నూనె రాసి మర్దన చేసేది. డాక్టరుకి చూపించమని చెవిన ఇల్లు కట్టుకుని పోరింది. చివరికి ఒకరోజు "చూపించాను, ఏమీ లేదన్నాడు" అని చెప్పి ఆవిడ నోరు మూయించాడు. చూపించింది లేదు, పెట్టింది లేదు. చూపిస్తే డాక్టరు కాగితం మీద ఏదో రాస్తాడు, ఆ కాగితం ల్యాబులో ఇవ్వాలి, ఇస్తే ముందుబండి ఇంకొకరి చేతికి పోతుంది. ఆ మాట తనలో తను అనుకోవడానికి కూడా ఆయనకి ధైర్యం చాలేది కాదు.

ఆరోజు సోమవారం. వంతెన మొదట్లో టీ బండి దగ్గర నలుగురూ చేరారు. వరసలో రెండోవాడు బావమరిది, భార్యకి తోడబుట్టిన తమ్ముడు, ముప్ఫై ఏళ్ళవాడు. మూడో ఆయన తాడిచెట్టంత మనిషి, పొడుగాయన అంటారు. నాలుగో ఆయన చివరాయన. రోజుకి పది మాటలకి మించి మాట్లాడడు.

"ఏం బావమరిదీ, కొత్త హెల్మెట్టా? తల లోపలే ఉందా, ఖాళీదే వచ్చిందా?" అన్నాడు పొడుగాయన.

"నీకేంలే, నీ తల మబ్బుల్లో ఉంటుంది. కింద ఉండేవాళ్ళం, మాకు హెల్మెట్లు కావాలి."

చివరాయనకి టీ పొలమారింది.

"నవ్వులు తరవాత. పెట్టెలు బిగించారా?" అన్నాడు ముందుబండాయన.

"బిగించాం బావా. నిన్న బిగించాం, మొన్న బిగించాం, రేపు కూడా బిగిస్తాం. మా అక్క నీతో ఎలా వేగుతోందో."

"మీ అక్కని నేనెప్పుడూ ఏమీ అడగను. అడిగే పనంతా ఆవిడదే."

బండ్లు ఎక్కారు. వంతెన మీద అటు చివరిదాకా ఎర్రలైట్లే. రెండు వరసలూ పూర్తిగా ఆగిపోయి ఉన్నాయి. ముందుబండాయన సందులోకి దూరాడు. ఆయన చూపు ఎప్పుడూ మూడు చోట్లే ఉంటుంది. ముందు చక్రాలు ఎటు తిరిగి ఉన్నాయి, పక్క అద్దంలో డ్రైవరు మొహం ఎటు ఉంది, తలుపు అంచు దగ్గర గీత లావైందా. ఒక బస్సు దాటారు. ఒక సిమెంటు లారీ దాటారు. ఎడమవైపు తెల్లకారు, కుడివైపు కూరగాయల వ్యాను ఉన్న చోటికి వచ్చేసరికి పిక్క పట్టేసింది.

అంత గట్టిగా ఎప్పుడూ పట్టలేదు. కాలు ఎవరో తాడు కట్టి వెనక్కి లాగినట్టయింది. ఆ సందులో కాలు దించే చోటు లేదు. ఆగుదామంటే వెనక మూడు బండ్లు. ఓర్చుకుందాం అనుకున్నాడు, ఇంకో నాలుగు కార్లు, ఆ తరవాత జాగా ఉంది. కాలు ఆయన మాట వినలేదు. దానంతట అదే బారుగా లేచి పక్కకి చాచుకుంది, వేళ్ళు పైకి.

వెనక బావమరిది ఆ కాలు చూశాడు. నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేశాడు. తొంగి చూడలేదు. తానూ ఎడమకాలు చాచి, బ్రేకు నొక్కి, కుడివైపుకి ఒరిగాడు. కుడివైపు వ్యాను అప్పుడే ఇంత ముందుకి కదిలింది. దాని అద్దం ఇతని హ్యాండిలుకి తగులుకుంది. బండి తిరగబడి, బావమరిది మోకాలి కింది భాగం మీద పడింది. లోపల ఎముక విరిగిన చప్పుడు పొడుగాయనకి కూడా వినబడింది.

ముందుబండాయన అద్దంలోకి చూశాడు. బావమరిది నేల మీద ఉన్నాడు. తెల్లకారు తలుపు తెరిచి ఉంది. ఒకావిడ ఒక కాలు కింద పెట్టి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఒక్క క్షణం ఆయనకే అనిపించింది, నిజంగానే తలుపు తెరుచుకుందేమో, తనకన్నా ముందు తన కాలికి తెలిసిందేమో అని. ఆ క్షణం దాటిపోయాక మాత్రం ఉన్నదేమిటో ఉన్నట్టు తెలిసింది. చప్పుడు విని ఆవిడ దిగింది. అంతే.

ట్రాఫిక్కు కానిస్టేబులు పరుగున వచ్చాడు.

"ముందున్నది నువ్వేనా? కాలు చాచావా?"

"చాచాను."

"ఎందుకు చాచావు?"

ఆయన నోరు తెరిచేలోపు పొడుగాయన అందుకున్నాడు. "ఎడంకాలు చాచాడంటే ఎడమవైపు తలుపు తీశారని సార్. మా లెక్క అది. ఇంకా ఏం అడుగుతారు, అదుగో, తలుపు తీసే ఉంది చూడండి."

"నేను చప్పుడు విన్నాకే తీశానండీ," అంది ఆవిడ.

"అందరూ విన్నాకే తీస్తారమ్మా," అన్నాడు పొడుగాయన.

కానిస్టేబులు రాసుకున్నాడు. ముందుబండాయన నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది. ఆయన అబద్ధం ఆడలేదు. ఆడాల్సిన అవసరమే రాలేదు. తను పదకొండేళ్ళు నేర్పిన పాఠమే తన తరఫున అబద్ధం ఆడిపెట్టింది. సిగ్నలు స్తంభం మీద కెమెరా ఉందిగాని, దానికి బస్సు అడ్డం వచ్చి ఏమీ కనబడలేదన్నారు.

సాయంత్రం ఆసుపత్రిలో బావమరిది కాలికి పెద్ద కట్టు కట్టి, పైనుంచి బరువు వేలాడదీశారు. మందుల మత్తులో ఉన్నా బావని చూడగానే చెయ్యి పట్టుకున్నాడు.

"బావా, నువ్వు కాలు చాచబట్టి కాలితో పోయింది. లేకపోతే తలుపుకి తలకాయ కొట్టుకుని ఈపాటికి నాకు దండ వేసేవాళ్ళు."

"పడుకో ముందు."

"పొడుగాయన చెప్పాడు, ఆవిడ అసలు వెనక్కే చూడలేదట. నువ్వెలా పసిగట్టావు?"

"పడుకోమన్నానా."

"పడుకునే ఉన్నాగా, లేచి నిలబడతానా ఈ కాలితో," అని నవ్వబోయి, నొప్పికి మొహం చిట్లించుకున్నాడు.

ముందుబండాయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అప్పుడు చెప్పేయాల్సింది. నర్సు వచ్చింది, తరవాత చెబుదాంలే అనుకున్నాడు. తరవాత భార్య వచ్చింది, రేపు చెబుదాంలే అనుకున్నాడు. రేపటికి ఇంకో రేపు ఉండనే ఉంది.

ఇంట్లో పరిస్థితి మరీ అన్యాయం. భార్య గిన్నెలు తోముతున్నా, బట్టలు మడతపెడుతున్నా తెల్లకారావిణ్ణే తలుచుకుంటోంది.

"కళ్ళు నెత్తిమీద పెట్టుకుని కారెక్కుతారు. అంత ఉక్కపోస్తే అద్దం దించుకోవాలిగాని తలుపు తీస్తారా ఎవరైనా? చెప్పండి, మీరే చెప్పండి."

"ఊఁ."

"ఊఁ ఏమిటి? మీ సొంత తమ్ముడైతే ఊఁ అనేవాళ్ళా? కాలు ఇలా చాపండి, నూనె రాస్తాను."

"వద్దు. ఇవాళ నొప్పి లేదు."

"ఏడాదిగా ఉన్న నొప్పి ఇవాళే పోయిందా?"

ఆవిడ ఆ మాట మామూలుగానే అంది. ఆయనకి మాత్రం అది ఆరా తీసినట్టే వినబడింది. ఆవిడ మొహంలోకి చూశాడు. ఏమీ లేదు. సీసా మూత బిగించి, దీపం దగ్గర పురుగులని తిట్టుకుంటూ లోపలికి పోయింది. మూడు రోజులు ఆయన తిండి తిన్నాడంటే తిన్నాడు. మూడు పొద్దులూ వరస ముందు తనే నడిపాడు, రెండోవాడు లేని వరస. పొడుగాయన ఆయన కాలి మీదే కళ్ళు పెట్టుకుని వెనక వస్తున్నాడని తెలుస్తూనే ఉంది. పిక్క మళ్ళీ పట్టేస్తుందేమోనని భయపడుతూనే గేరు మార్చేవాడు. వంతెన దిగాక చూసుకుంటే చేతి తొడుగులు పిండితే నీళ్ళు కారేలా ఉన్నాయి.

నాలుగో రోజు పదింటికి ట్రాఫిక్కు ఆఫీసులో విచారణ. పాత సున్నం గోడలు, ఫ్యాను తిరిగితే రెపరెపలాడే ఫైళ్ళు, గది బయట ఒక పొడుగు బల్ల. పొడుగాయనా చివరాయనా ఇంకా రాలేదు. ముందుబండాయన వెళ్ళి బల్ల చివర కూర్చున్నాడు. అవతలి చివర ఆవిడ కూర్చుని ఉంది. ఆరోజు ఆయన నెత్తిన హెల్మెట్టు ఉంది కాబట్టి ఆవిడ గుర్తుపట్టలేదు.

"మీరూ వంతెన సంగతి గురించేనా అండీ?" అని ఆవిడే అడిగింది.

"అదే."

"చూశారా మీరు? అక్కడ ఉన్నారా?"

"ఉన్నాను."

ఆవిడ కొంచెం దగ్గరికి జరిగింది. నలభై దాటి ఉంటాయి. చేతిలో ఒక సంచి, అందులో కారు కాగితాలు, వాటికి రబ్బరు బ్యాండు.

"అయితే చెప్పండి బాబూ, నేను తలుపు ముందు తీశానా, తరవాత తీశానా? నాకేమీ అర్థం కావడం లేదు. తరవాతే తీశాననుకుంటున్నా. చప్పుడు విన్నాను, తీశాను. కానీ అంతమంది చెబుతున్నారే, కాలు చాచాడు, కాలు చాచాడు అని. వాళ్ళ ముందాయన ఎప్పుడూ తప్పు చెప్పడట. ఒకవేళ నేనే సిగ్నలు చూద్దామని తీశానేమో, తీసి మర్చిపోయానేమో."

ఆయన చూపు ఎదుటి సున్నం గోడ మీదికి తిప్పాడు.

"మూత్రపిండాలు పాడైనవాళ్ళని వారానికి మూడుసార్లు ఆసుపత్రికి తీసుకెళ్ళి, తీసుకొస్తానండీ నేను. అదే నా పని. ఐదుగురున్నారు. ఒకాయన అయితే నేను తప్ప ఇంకెవరు వచ్చినా ఎక్కడు, రక్తం శుద్ధిచేసే మిషను దాకా చెయ్యి పట్టుకుని నడిపించాలి. విచారణ అయ్యేదాకా కారు తీయొద్దన్నారు. ఈ నాలుగు రోజులూ ఎలా వెళ్తున్నారో ఏమో. మా ఆయన అంటున్నాడు, వాదించకు, ఒప్పేసుకో అని. ఒప్పుకుంటే ఆరు నెలలు లైసెన్సు ఆపుతారట. ఒప్పుకోకపోతే, తప్పు తేలితే, ఏడాదట."

"ఏం చేస్తారు మరి?"

"ఒప్పేసుకుంటా. ఏడాదంటే వాళ్ళు వేరేవాళ్ళని పెట్టేసుకుంటారు కదా," అని ఆవిడ తన కుడిచేతిని తిరగేసి మరగేసి చూసుకుంది. "నాలుగు రోజులుగా ఈ చేతినే అడుగుతున్నా, ఎప్పుడు తీశావే అని. అది చెప్పదుగా."

పొడుగాయనా చివరాయనా మెట్లెక్కి వచ్చారు. పొడుగాయన ఆవిణ్ణి చూసి మొహం తిప్పుకుని, "ముందన్నా, భయపడకు. మేమున్నాం. మాటకి మాట ఒకటే చెబుదాం," అన్నాడు. ఆవిడ ఆ పిలుపు విని తల తిప్పి, పక్కన కూర్చున్న మనిషిని పైనుంచి కింద దాకా చూసింది. సంచి తీసుకుని బల్ల అవతలి చివరికి జరిగిపోయింది.

నలుగురినీ ఒకేసారి లోపలికి పిలిచారు. ఆఫీసరు పొట్టిగా, శాంతంగా ఉన్నాడు. బల్ల మీద రూళ్ళ పుస్తకం తెరిచే ఉంది.

"సందులో వెళ్ళడం వీళ్ళ తప్పు కాదు. వాహనాలు ఆగి ఉన్నాయి, వీళ్ళు వరసలో వెళ్ళారు, వేగం లేదు. తలుపు తీసేవాళ్ళు వెనక చూసుకుని తీయాలి, తీసినవాళ్ళదే బాధ్యత. అది రూలు. ఏమ్మా, ముందు మీరు చెప్పండి. తలుపు ఎప్పుడు తీశారు?"

ఆవిడ లేచి నిలబడింది. "సార్, నేను... నేనే ముందు..."

ముందుబండాయన లోపల లెక్కేసుకున్నాడు. ఇంకో రెండు మాటలయితే అయిపోతుంది. ఆవిడే ఒప్పుకున్నాక తనని అడిగేవాడే ఉండడు. ముందుబండి తనదే. బావమరిది తన చెయ్యి పట్టుకుని దణ్ణం పెడుతూనే ఉంటాడు. రేపు పొద్దున పొడుగాయన తన కాలి మీదే కళ్ళు పెట్టుకుని వెనక వస్తాడు. ఆ కళ్ళు తలుచుకోగానే కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు.

"ఆవిడ తీయలేదు సార్."

"మీ వంతు ఇంకా రాలేదు."

"ఆవిడ చెప్పేశాక నా వంతు రాదు సార్. తలుపు మూసే ఉంది. నేను కాలు చాచింది తలుపు చూసి కాదు. నా పిక్క పట్టేసింది. కాలు దానంతట అదే లేచింది."

ఆఫీసరు పుస్తకం మీంచి తల ఎత్తాడు.

"ఏమంటున్నావన్నా?" అన్నాడు పొడుగాయన మెల్లగా. "నేను చూశాను కదా."

"నువ్వు కాలు చూశావు. తలుపు చూడలేదు. చూడొద్దని నేనే నేర్పాను."

పొడుగాయన చివరాయన వైపు చూశాడు. చివరాయన నేల వైపు చూస్తూ, "పడ్డాకే తెరిచి ఉండడం చూశా. ముందు చూళ్ళేదు," అన్నాడు. ఆరోజుకి ఆయన మాటలు అవే.

ఆఫీసరు కలం మూత తీసి మళ్ళీ పెట్టాడు. "పిక్క ఎప్పటినుంచి పట్టేస్తోంది?"

"ఏడాదినుంచి."

"ల్యాబులో ఏటా ఇచ్చే ఆరోగ్యం కాగితంలో ఏం రాశారు?"

"ఏమీ లేదని రాశాను."

"నాలుగు రోజుల కిందటే వంతెన మీద ఎందుకు చెప్పలేదు?"

చెప్పడానికి సాకులు లేకపోలేదు. బావమరిది పరిస్థితి, కంగారు, పొడుగాయన ముందే మాట్లాడెయ్యడం. అవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. "చెబితే ముందుబండి పోతుందని," అన్నాడు.

ఆఫీసరు ఆ మాట అలాగే రాశాడు, ఒక్క అక్షరం మార్చకుండా. చదివి వినిపించి సంతకం పెట్టించాడు. లైసెన్సు తీసి సొరుగులో వేశాడు. డాక్టరు పరీక్ష అయ్యాక, పై ఆఫీసరు చూశాక తేలుతుందట, తిరిగి ఇస్తారో లేదో. ఆవిడతో, "మీరు వెళ్ళొచ్చమ్మా. మీ మీద ఏమీ లేదు," అన్నాడు.

ఆవిడ వెళ్ళలేదు. సంచి గుండెలకి పట్టుకుని ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. థాంక్స్ చెబుతుందేమోనని కానిస్టేబులు కూడా తల ఎత్తి చూశాడు.

"బయట బల్ల మీద పక్కనే కూర్చుని, అంతా విన్నారు," అంది ఆవిడ. "నేను ఏడుపొక్కటే తక్కువగా చెబుతుంటే, ఏం చేస్తారు మరి అని అడిగారు. ఏం మనిషండీ మీరు?"

ఆవిడ జవాబు కోసం ఆగింది, నిజంగానే ఆగింది. రాకపోయేసరికి తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

బయటికి వచ్చాక పొడుగాయన బండి మీద కూర్చుని హెల్మెట్టు చేతిలో తిప్పుతున్నాడు. "మూడు రోజులు నడిపావు ఆ కాలితో. వెనక నేనున్నాను. నాకు ఇద్దరు ఆడపిల్లలు, తెలుసుగా నీకు," అన్నాడు.

"తెలుసు."

"తెలిసుండే నడిపావు," అని హెల్మెట్టు పెట్టుకుని, బండి కదిలించి వెళ్ళిపోయాడు. చివరాయన ఒక క్షణం నిలబడి, ఈయన భుజం మీద చెయ్యి వేయబోయి, వేయకుండానే వెళ్ళాడు.

లైసెన్సు లేదు కాబట్టి బండి అక్కడే వదిలేసి బస్సెక్కాడు. ఆసుపత్రికి ఆయనకన్నా ముందు కబురు చేరకూడదు. బస్సు అదే వంతెన మీద అరగంట ఇరుక్కుపోయింది. కిటికీ పక్కనుంచి ఎవరెవరో కుర్రాళ్ళు బండ్ల మీద ఇటూ అటూ ఊగుతూ దూరిపోతున్నారు. నెత్తిన హెల్మెట్లు లేవు, వరసా లేదు. బస్సులో ముసలావిడొకామె వాళ్ళని తిడుతూ, "చూడండి బాబూ, ఎలా పోతున్నారో," అంది. ఆయన తల ఊపాడు.

బావమరిది నిద్రపోవడం లేదు. బావ మొహం చూడగానే, "ఏమైంది? ఆవిడ ఒప్పుకోలేదా?" అన్నాడు.

ఆయన కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. ఎక్కువ మాటలు పట్టలేదు.

బావమరిది తన కాలికి వేలాడుతున్న బరువుని చాలాసేపు చూశాడు. "బ్రేకు వేసేముందు ఎడమవైపు ఒక్కసారి చూడాలనిపించింది బావా," అన్నాడు. "చూస్తే నువ్వు తిడతావని చూళ్ళేదు."

"తిట్టేవాణ్ణే."

"అక్కకి తెలుసా?"

"నొప్పి సంగతి తెలుసు. ఇది తెలీదు."

"నేను చెప్పను. నువ్వే చెప్పు." మొహం గోడవైపు తిప్పుకున్నాడు. కాసేపటికి అటు తిరిగే, "వెళ్ళిపోకు," అన్నాడు.

భార్య వేడినీళ్ళ ఫ్లాస్కు పట్టుకుని వచ్చేసరికి ఆయన మంచం పక్కన ఇంకా నిలబడే ఉన్నాడు. ఆవిడ వస్తూనే, "ఏమన్నారు అక్కడ? ఆ మహాతల్లి ఏం కథలు చెప్పింది?" అని మొదలుపెట్టింది.

"ఆవిడ తలుపు తీయలేదే," అన్నాడాయన. ఆ తరవాత తక్కినదంతా చెప్పాడు. డాక్టరు దగ్గరికి వెళ్ళకుండానే వెళ్ళానన్నది కూడా.

ఆవిడ నోట మాట లేకపోవడం పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన చూడలేదు. ఫ్లాస్కు కింద పెట్టింది. తమ్ముడి మంచం అంచు మీద కూర్చుంది. దుప్పటి ముడతలు సరిచేసింది, సరిచేసినవే మళ్ళీ సరిచేసింది. అరిచినా బాగుండేది. వరండాలో ఎవరో మందుల బండి తోసుకుంటూ వెళ్ళారు.

"ఇక్కడ ఇంకో కుర్చీ ఉంది," అంది చివరికి. "కూర్చోండి. వాడు వింటాడు, నేను వింటాను. మొదట్నుంచి మళ్ళీ చెప్పండి, తొందరేం లేదు."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.